వేళ్ళు మాత్రమే తియ్యమన్నారు

మా తెలుగు సంఘంలో వీడియో తీసే పని నా మెడకు చుట్టుకోవడానికి నా ప్రతిభ కారణం కాదు. అడిగిన రోజున మిగతా వాళ్ళందరూ కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు, నేను తలెత్తాను, అంతే. ఎనభైల మొదట్లో మాట. మేము అప్పుడు మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజినీరు. నేను వారమంతా ఇంట్లో ఉండి, వారాంతాల్లో ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజుకు వెళ్ళి, అదే కేకు తిని, అవే కబుర్లు విని వస్తుండేదాన్ని.

ఆ రోజుల్లో కేబుల్ టీవీ కొత్త. ఊరివాళ్ళు ఎవరైనా వచ్చి సొంతంగా కార్యక్రమాలు తీసుకోవచ్చని ఒక చానల్ వదిలేశారు. నాలుగు శనివారాలు క్లాసుకి వెళ్తే కెమెరా ఊరికే ఇచ్చేవారు. ఒకటే షరతు. మన పనికి ఒకసారి పట్టుకెళ్తే, వాళ్ళ పనికి ఒకసారి రావాలి. కెమెరా అంటే ఇప్పటిలా జేబులో పట్టే వస్తువు కాదు. భుజం మీద కెమెరా, నడుం పక్కన పట్టీకి వేలాడే రికార్డర్, రెంటికీ మధ్య లావుపాటి వైరు. ఆ రికార్డర్‌ని మోస్తుంటే ఏడాది పిల్లని చంకనేసుకున్నట్టే ఉండేది. నాకు అలవాటే కాబట్టి పెద్ద కష్టమనిపించలేదు.

మొదటిసారి తీసింది మా దీపావళి కార్యక్రమం. క్లాసులో చెప్పినట్టే బుద్ధిగా తీశాను. పాడేవాళ్ళు పాడుతుంటే పాడేవాళ్ళని, ఆడేవాళ్ళు ఆడుతుంటే ఆడేవాళ్ళని, కెమెరా కదలకుండా. టేపు ఇంటింటికీ తిరిగింది. రెండు వారాల తర్వాత మా సంఘంలో పెద్దావిడ ఒకరు ఫోన్ చేశారు. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక అసలు సంగతి బయటపెట్టారు.

“అమ్మాయ్, ఆ టేప్‌లో మేం ఎక్కడా లేం. ఆ రోజు గంటన్నర డ్రైవ్ చేసుకుని, కొత్త కంచిపట్టు కట్టుకుని వచ్చాం. ఇండియాకి పంపిద్దామని చూస్తే, మేం వచ్చినట్టు ప్రూఫే లేదు.”

ఆ తర్వాత ఆవిడ నాలుగైదు నెలలు నాతో మాట్లాడలేదు. సత్యనారాయణ వ్రతానికి ఊరందరినీ పిలిచి మమ్మల్ని వదిలేశారు. మా ఆయన మాత్రం ఒక ఆదివారం కలిసొచ్చిందని లోలోపల సంతోషించారు.

అప్పటినుంచి నా పద్ధతి మార్చేశాను. పాట మొదలవగానే పాడేవాళ్ళని ఒక నిమిషం తియ్యడం, తర్వాత కెమెరాని మెల్లగా జనం మీదికి తిప్పడం. మొదటి వరస ఎడమనుంచి కుడికి, రెండో వరస కుడినుంచి ఎడమకి, పొలం దున్నినట్టు ఒక్క మొహం తప్పిపోకుండా. ఆ తర్వాత వంటగదిలో వడలు వేస్తున్న వాళ్ళు. చివరికి పాట ముగిసే వేళకి మళ్ళీ స్టేజీ. పాట ఎలాగూ టేపులో వినపడుతూనే ఉంటుంది. పాడేవాళ్ళు ఎలాగూ ప్రతి ఏడూ ఆ నలుగురే. ఎవరొచ్చారన్నది కదా విశేషం. ఆ ఉగాది టేపు అందరూ మెచ్చుకున్నారు. పెద్దావిడ టేపులో మూడుసార్లు కనిపించారు, ఆదివారాలు మళ్ళీ మామూలైపోయాయి.

నిజం చెప్పాలంటే, అది ఆవిడంటే భయం ఒక్కటే కాదు. మంచి పాట చెవిన పడితే పక్కవాళ్ళ మొహంలోకి చూడటం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. వాళ్ళకీ నాలాగే అయిందా లేదా అని చూసుకోకపోతే నాకు పాట విన్నట్టుండదు.

ఉగాదికి కెమెరా తెచ్చుకున్నాను కాబట్టి, బదులు చెయ్యాల్సిన వంతు వేసవిలో వచ్చింది. ఆ కేబుల్ చానల్ స్టూడియో ఇన్‌చార్జి, నలభై ఏళ్ళ మనిషి, జుట్టు వెనక్కి కట్టి పిలక వేసుకునేవాడు. ట్రాయ్‌కి రెండు గంటల దూరంలో సంతమైదానంలో మూడు రోజుల పాటల పండగ జరుగుతుందనీ, పెద్ద స్టేజీ తాను చూసుకుంటాననీ, చిన్న సెషన్లు నన్ను తియ్యమనీ అన్నాడు. కంట్రీ పాటలు. అప్పటికి నాకు వాటి గురించి తెలిసింది కారు రేడియోలో స్టేషన్ మార్చేటప్పుడు మధ్యలో తగిలినంత. వాళ్ళ పాటల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఊరు వదిలి వెళ్ళిపోతుంటారు, మిగిలినవాళ్ళు వాన గురించి పాడుకుంటూ ఉంటారు. నాకు ఉత్సాహం రాలేదు, కానీ ఒప్పుకున్న మాట.

చిన్న సెషన్లు అంటే మైకుల్లేవు, కరెంటు వాయిద్యాలు లేవు. ఒట్టి గొంతు, ఒట్టి గిటారు. మామూలు రోజుల్లో ఆవుల్ని తెచ్చి పోటీకి నిలబెట్టే పాక అది. గడ్డి మోపుల మీద, మడత కుర్చీల మీద ఒక యాభైమంది కూర్చునేవాళ్ళు. ఒక్కొక్క కళాకారుడికి ఇరవై నిమిషాలు, నా క్యాసెట్టూ సరిగ్గా అంతే. కెమెరా నిలబెట్టే స్టాండు పెద్ద స్టేజీకి వెళ్ళిపోయింది. నాకు నా భుజమే స్టాండు. ఆవు వాసన, జూలై ఎండ, చీర కట్టుకురాకుండా ప్యాంటు వేసుకొచ్చినందుకు నన్ను నేను మెచ్చుకున్న క్షణాలు చాలా ఉన్నాయి.

మొదటి రోజు ఆరుగురిని తీశాను. నా పద్ధతిలోనే తీశాను, ఒక నిమిషం పాట, తర్వాత దున్నడం. సాయంత్రం ఇన్‌చార్జి ఒక టేపు చూసి తల పట్టుకున్నాడు. ఇందులో పాడినవాడు ఎక్కడమ్మా అని అడిగాడు. మొదట్లో ఉన్నాడు, చివర్లో కూడా ఉంటాడు చూడండి అన్నాను. మధ్యలో పదిహేను నిమిషాలు టోపీలు పెట్టుకున్న మనుషులు ఆవులిస్తూ కనిపిస్తున్నారు అన్నాడు. అందరూ ఆవులించలేదు, ఒకావిడ ఏడ్చింది కూడా, చూడండి అన్నాను. నాకు ఒళ్ళు మండింది కానీ, నేను తెచ్చిన పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తిన్నవాడు కదా అని ఊరుకున్నాను. రేపటినుంచి జనం వైపు కెమెరా తిప్పనని మాటిచ్చాను.

రెండో రోజు పొద్దున్న పదిన్నరకి వచ్చాడాయన. డెబ్బై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, నల్ల టోపీ, చేతిలో గిటారు పెట్టె. వెనకాల కూతురు, నా కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది, ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో పెద్ద హ్యాండ్‌బ్యాగు. ఆయన కెంటకీ కొండల్లోంచి ఇరవై రెండేళ్ళప్పుడు డెట్రాయిట్ వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో రేకులు నొక్కే మిషను దగ్గర రిటైరయ్యేదాకా పనిచేశాడట. అక్కడ అలాంటి వాళ్ళు వేలమంది ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది. నేను ఇండియానని చెప్పగానే, మీవాళ్ళూ మాలాగే బెండకాయ తింటారటగా, ఎక్కడ కొంటారు అని అడిగాడు. మిషిగన్‌లో బెండకాయ దొరకదనీ, దొరికినా ముదిరిపోయి ఉంటుందనీ ఇద్దరం కలిసి కాసేపు తిట్టుకున్నాం. అమెరికాలో ఆరేళ్ళలో నా బాధ అంత బాగా అర్థం చేసుకున్న మనిషి ఇంకొకరు తగల్లేదు.

తర్వాత ఆయన ఎడమ చెయ్యి నా ముందు చాపాడు. ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుపోతున్నాయి. చాపమంటే పూర్తిగా చాపలేడు. వచ్చే వారం ఆపరేషన్. వేళ్ళు చాపుకోవచ్చు గానీ గిటారు తీగలు మళ్ళీ నొక్కగలరో లేదో చెప్పలేమని డాక్టరు ముందే చెప్పేశాడట.

“నా మొహం ఎవరికీ అక్కర్లేదు,” అన్నాడు. “వేళ్ళు మాత్రమే తియ్యి. ముఖ్యంగా చివరి పాటకి. అది మా అమ్మ దగ్గర నేర్చుకున్నది, రాసిపెట్టినది కాదు. ఏ వేలు ఎప్పుడు ఎక్కడ పడుతుందో చూస్తేనే వస్తుంది. మా ఇంట్లో ఎవరికీ పట్టుబడలేదు. టేపు ఉంటే ఎప్పుడో ఎవరో ఒకరు చూసి నేర్చుకుంటారు.”

కూతురు ఫ్లాస్కు మూత గట్టిగా తిప్పి బిగించి, వెళ్ళి మూడో వరసలో కూర్చుంది.

నేను ఆయన ముందు నేలమీద కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, కెమెరా కంటినిండా ఆయన చేతులే నింపుకున్నాను. నాలుగు పాటలు కదల్లేదు. కుడిచేతి బొటనవేలు కింద ఒక తాళం నడిపిస్తుంటే, చూపుడువేలు పైన ఇంకో కథ చెప్పేది. ఎడమచేతి ఉంగరపు వేలు మొండికేసినప్పుడల్లా మధ్యవేలు దాని పని కూడా చేసేది. మా ఆయన ఆఫీసులో ఇద్దరు సెలవు పెడితే మూడోవాడు చేసినట్టే. కాలు తిమ్మిరెక్కింది, చెమట కంట్లోకి కారింది. అయినా నా జన్మలో అంత క్రమశిక్షణగా ఎప్పుడూ తియ్యలేదు.

అయిదో పాట మొదలైంది. మాటలు తక్కువ, వాయించడమే ఎక్కువ. మొదట మామూలుగానే ఉంది. తర్వాత ఒకచోట ఆ బొటనవేలు తాళం ఆగీ ఆగనట్టు ఆగింది, పైన స్వరం ఒకటి జారి కిందికి దిగింది, పాకలో అప్పటిదాకా గింజలు నములుతున్న వాళ్ళు కూడా నమలడం మానేశారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంతవరకే నాకు గుర్తుంది. ఆ తర్వాత చప్పట్లు వినపడ్డాయి. కంటికెదురుగా చూస్తే, కెమెరాలో వెనక వరసలో ఎర్ర టోపీ పెట్టుకున్నాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఎప్పుడు జనం వైపు తిరిగానో నాకే తెలియదు. దున్నేశాను. మొదటి వరస ఎడమనుంచి కుడికి, రెండో వరస కుడినుంచి ఎడమకి, మొత్తం పొలం దున్నేసి, మొదటి ఒక్క నిమిషం తప్ప ఆయన వేళ్ళు తియ్యకుండా ఆయన జీవితంలో ముఖ్యమైన పాట పూర్తి చేశాను. కళ్ళు మూసుకుని వాయించిన ఆయన అప్పుడు నా వైపు చూసి టోపీ కొంచెం ఎత్తి, వచ్చిందా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. నేను వెర్రిదానిలా తలూపాను.

ఇన్‌చార్జి దగ్గరికి పరుగెత్తాను. అతను ఇంకో టేపు పెట్టి మళ్ళీ తీద్దామంటాడనుకున్నాను. పెద్ద స్టేజీకి టేపులు చాలక కొట్టుకుంటున్నాడు, కొత్తది లేదన్నాడు. కంగారు పడకు, నాలుగో పాటలో వేళ్ళు ఉన్నాయి కదా, అవి ఇక్కడ అతికించేద్దాం, ఎవరికీ తేడా తెలియదు అన్నాడు. ముసలాయనకి చెప్పి ఆయన మనసు పాడుచెయ్యొద్దు అని కూడా అన్నాడు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ టేపు చూసి ఎవరైనా నేర్చుకోవడానికి కూర్చుంటే చెవికి ఒక పాట, కంటికి ఇంకో పాట వస్తే వాళ్ళేం కావాలి? అది అబద్ధపు టేపు. నేను చేసింది తప్పు, అతను చెప్పేది మోసం. ఆ మాటే నాకు వచ్చిన ఇంగ్లీషులో అతని మొహానే చెప్పి, రికార్డర్ చంకనేసుకుని కార్లు ఆపేచోటికి నడిచాను. 

ఆయన తన పికప్ ట్రక్కు వెనక భాగం తెరిచి దానిమీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. కూతురు ఫ్లాస్కు కడుగుతోంది. నేను మొత్తం చెప్పేశాను. తప్పు నాదేననీ, మా సంఘంలో జనాన్ని తియ్యకపోతే ఊరుకోరనీ, కంచిపట్టు చీర గురించీ, వ్రతానికి పిలవకపోవడం గురించీ కూడా చెప్పాను. చెప్పాల్సిన అవసరం లేదు గానీ నోరు ఆగలేదు. ఆయన తన ఎడమ చెయ్యి వైపు చూసుకున్నాడు. తిట్టినా బాగుండును అనుకున్నాను.

చివరికి, పోనీ తీసిందే చూపించు అన్నాడు. టేపు వెనక్కి తిప్పి, ఇయర్‌ఫోను ఆయన చెవిలో పెట్టి, కెమెరా ఆయన భుజం మీద పెట్టాను. తీసింది కెమెరా కంటిలోంచే తిరిగి చూసుకోవచ్చు. బొటనవేలంత నలుపు తెలుపు బొమ్మ, ఒక్కరే చూడగలరు. ఆయన ఒక కన్ను మూసి చూస్తూ, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. ఇదిగో మా పాత ఫోర్‌మన్, నిద్రపోతున్నాడు. ఇదిగో వాళ్ళావిడ, మోచేత్తో పొడుస్తోంది. ఇలా ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించుకుంటూ పోయాడు. పెద్దావిడ చెప్పిన ప్రూఫు ఇదే కాబోలు అనిపించి, నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

తర్వాత నవ్వు ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తిప్పమన్నాడు. తిప్పాను. మళ్ళీ తిప్పమన్నాడు. మూడోసారి చూశాక కెమెరా నా చేతికిచ్చి, నువ్వు చూడు, మూడో వరస అన్నాడు.

చూశాను. మూడో వరసలో ఆయన కూతురు. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు. ఎడమచేత్తో దాని పట్టీ పట్టుకుంది, కుడిచెయ్యి బ్యాగు మీద పెట్టి వేళ్ళు కదుపుతోంది. నాకు మొదట అర్థం కాలేదు. ఏదో తోచక వేళ్ళాడిస్తోంది అనుకున్నాను.

“అది తోచక చేసేది కాదు,” అన్నాడాయన. “ఎక్కడ పడాల్సిన వేలు అక్కడే పడుతోంది. పట్టీ మీద కూడా.”

ఆయన కూతురిని పిలిచాడు. ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన పెట్టె తెరిచి గిటారు తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఆవిడ మొహం కందిపోయింది. తండ్రి వైపు, నా వైపు, మళ్ళీ తండ్రి వైపు చూసింది. ఇక దాచడానికేమీ లేదని తెలిసిపోయినట్టుంది, పికప్ అంచున కూర్చుని వాయించడం మొదలుపెట్టింది.

మొదట్లో రెండుచోట్ల తడబడింది, తర్వాత తేరుకుంది. ఆ బొటనవేలు తాళం, పైన ఆ రెండో కథ, అంతా అదే. స్వరం జారి కిందికి దిగే చోటు వచ్చినప్పుడు మాత్రం ఆవిడ దాన్ని జార్చలేదు. రెండు మెట్లుగా దించింది. అది తప్పేమోనని ఆయన వైపు చూశాను. దిద్దడానికే కాబోలు, ఆయన చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

“మా అమ్మ అలాగే వాయించేది,” అన్నాడు మెల్లగా. “నాకు రాక నేను మార్చుకున్నాను.”

సెలవులకి నన్ను నానమ్మ దగ్గరికి పంపించేవాళ్ళు కదా అంది కూతురు. ప్రతి వేసవీ వరండాలో కూర్చోబెట్టి ఆవిడే నేర్పిందట. ఇంటికొచ్చాక తండ్రి షిఫ్టుకి వెళ్ళిన వేళల్లో మాత్రమే సాధన చేసుకునేదట. ముప్ఫై ఏళ్ళుగా ఒకే ఇంట్లో, తర్వాత రెండు వీధుల అవతల.

“నన్ను అడగొచ్చు కదా,” అన్నాడాయన.

“అడిగాను డాడీ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు. వెళ్ళి అమ్మకి గిన్నెలు కడిగిపెట్టమన్నావు.”

కోపంగా అనలేదు. పాల ధర చెప్పినట్టు చెప్పింది. ఆయనకి ఆ సంగతి గుర్తులేదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. టేపు చివర ఒక్క నిమిషం మిగిలిందని అప్పుడే చూశాను. కెమెరా భుజానికెత్తుకుని ఎవర్ని తియ్యమంటారని అడిగాను. ఇద్దరూ నా మాట విన్నట్టు లేదు.

ఆపరేషన్ తర్వాత ఆయన మళ్ళీ వాయించాడో లేదో నాకు తెలియదు. నేను ఎప్పుడూ అడగలేదు, వాళ్ళని మళ్ళీ చూడలేదు. నేను చూసింది ఇంతే. ఆయన పికప్‌లోంచి ఖాళీ పాలడబ్బాల పెట్టె ఒకటి దింపి, నేలమీద బోర్లా వేసి, కూతురి మోకాళ్ళకెదురుగా దానిమీద కూర్చున్నాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. ఆ రెండు మెట్ల చోటు ఇంకోసారి వాయించమన్నాడు, నెమ్మదిగా, తనకి అందేలా.

ఆవిడ మొదలుపెట్టింది. ఆయన కిందనుంచి ఆవిడ వేళ్ళవైపు చూస్తూ, ముడుచుకున్న చేతిని మోకాలి మీద పెట్టుకుని, ఒక్కొక్క వేలూ కదపడానికి ప్రయత్నించాడు.